దేవపాలు మింగిన ముద్ద

జమ్మలమడుగులో మిషన్ కాంపౌండు వెనక వీధిలో, పొద్దున ఎనిమిదయ్యేసరికి దేవపాలు ఇంట్లో సంగటి దిగుతుంది. భార్య కమలమ్మ కుండను రెండు పాదాల మధ్య అదిమిపెట్టి, కట్టెతో గెలికి, తడిచేత్తో గుండ్రంగా నాలుగు ముద్దలు చేసి పళ్ళెంలో పెడుతుంది. దేవపాలు స్నానం చేసి, తెల్ల బనియను తొడుక్కొని, చాప మీద నిటారుగా కూర్చొని, కళ్ళు మూసి నాలుగు మాటల ప్రార్థన చేసుకుంటాడు. ముద్దలోంచి నిమ్మకాయంత తుంచి, పులుసులో పొర్లించి, నోట్లో వేసుకొని, తల కొంచెం వెనక్కి వాల్చి గుటుక్కుమనిపిస్తాడు. పళ్ళు కదలవు. దవడ కదలదు. గొంతులో ఉండ ఒకటి పైకెగిరి కిందికి దిగుతుంది, అంతే.

సంగటి నమలకూడదు, మింగాలి. ఆ పక్క పలక పట్టనివాళ్ళకు కూడా వచ్చిన పాఠమిది. నమిలితే పంటికి అంటుకుంటుంది, మింగితే కడుపులో నిలుస్తుంది అంటారు. ఇందులో తప్పేమీ లేదు. రాగిముద్ద అట్లానే తినాలి. అయితే చేతనైన ఒక చిన్న పనిని కిరీటం చేసుకొని నెత్తిన పెట్టుకొని తిరిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. జమ్మలమడుగులో ఆ ఒకరు దేవపాలు.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు పిల్లల్ని పరుగును బట్టి లెక్కవేశాడు. రిటైరయ్యాక లోకాన్నంతా గుటకను బట్టి లెక్కవేస్తున్నాడు. చెల్లెలి అల్లుడు గుంటూరు పక్కనుంచి పెళ్ళయిన కొత్తలో భోజనానికొచ్చి, పాపం, తెలియక సంగటి నమిలాడు. పదిమందిలో దేవపాలు, "గొడ్లు నెమరేస్తాయప్పా. మనుషులు మింగుతారు" అన్నాడు. ఆ అబ్బాయి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. దేవపాలు దాన్ని కూడా తన గెలుపుల్లో వేసుకున్నాడు.

ఆయన ముద్దలు మింగుతున్నంతసేపూ ఎదురుగా గోడకానుకొని మనవరాలు కీర్తన కూర్చొని ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, మూడో తరగతి. ఆమె ముందు పళ్ళెం ఉండదు. జేజినాయన మొదటి ముద్ద పూర్తిచేసేసరికి పిల్ల కడుపు కొంచెం ఎత్తవుతుంది. రెండో ముద్దకు ఇంకొంచెం. నాలుగోది కాగానే ఆ పిల్ల చిన్నగా తేన్చి, సంచి భుజాన వేసుకొని బడికి పోతుంది.

ఆ ఇంట్లో దేవపాలు తిన్నదాంట్లో సగం కీర్తన కడుపులోకి పోతుంది. ఆయన కడపకు పోయి తిన్నా, కర్నూలుకు పోయి తిన్నా అంతే.

పుట్టినప్పుడు ఆ పిల్లకు పాలు తాగడం రాలేదు. నోట్లోకి పోయినవి పెదాల మీదికో ముక్కులోకో తిరిగొచ్చేవి. తొమ్మిదో రోజున, ఆస్పత్రిలో, ఏడ్చి ఏడ్చి నీలుక్కుపోతున్న పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకొని దేవపాలు, "ఒక్క గుటక వేయలేవా? లోకంలో ఇంతకన్నా తేలికైన పని ఉందా? ఇట్ల చూడు!" అని విసుగ్గా ఒక ముద్ద మింగి చూపించాడు. పిల్ల కడుపు గుండ్రమైంది. నిద్రపోయింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వచ్చి పొట్ట తట్టి చూసి, కేసు షీట్లో 'ఆహారం: తాత ద్వారా' అని రాసి పక్క మంచానికి పోయింది. అంగన్‌వాడీ టీచరు నెలనెలా పిల్లను తూకం వేసేది, బరువు తగ్గిన నెలలో దేవపాలుకు రెండు గుడ్లు ఎక్కువ ఇచ్చేది. టీకా వేసిన రోజు పిల్లకు జ్వరమొస్తే ఆయన జావ తాగేవాడు. కారం తింటే పసిదానికి కడుపు మండుతుందని ఒక ఏడాది ఊరిబిండి పచ్చడి మానేశాడు. ఆయన జన్మలో చేసిన త్యాగం అదొక్కటే. ఎనిమిదేళ్ళుగా దాన్ని ఎవరికీ మరవనివ్వలేదు.

వీధిలోవాళ్ళు దీని గురించి ఒక్క మాట అనుకోలేదు. ఎవరింటి సదుపాయం వాళ్ళది. పైగా ఎంత సులువు! పిల్ల వెనక గిన్నె పట్టుకొని తిరిగే పని లేదు, సెల్లు చూపించి తినిపించే పని లేదు. "మీకేమమ్మా, అదృష్టవంతులు" అనేవాళ్ళు పక్కింటివాళ్ళు.

అయితే నోరున్నది కడుపు నింపడానికొక్కదానికే కాదు. ఒక చిన్న పని చేసి చూడండి. ఉమ్మి మింగండి. నాలుక కొస ఎక్కడికి పోయింది? పైపళ్ళ వెనక, అంగిట్లో గరుకుగా ఉండే చోటికి పోయి ఆనుకుంది కదా. పాలు తాగే పసిబిడ్డకు అట్లా కాదు, మింగేటప్పుడు నాలుక ముందుకు, పెదాల సందులోకి వస్తుంది. పళ్ళొచ్చి నమలడం మొదలుపెట్టాక మెల్లగా తన చోటు తెలుసుకుంటుంది. కీర్తన నాలుకకు ఆ చోటు తెలుసుకోవలసిన అవసరమే రాలేదు. మనం రోజుకు వెయ్యిసార్లకు తక్కువ కాకుండా ఉమ్మి మింగుతాం. ఆ వెయ్యిసార్లూ ఆ పిల్ల నాలుక ముందుపళ్ళను బయటికి తోసింది. ఎముక లేని నాలుక ఎముకలో నాటుకున్న పళ్ళను జరిపేసింది. దవడలు మూస్తే వెనకపళ్ళు కలుస్తాయి, ముందుపళ్ళ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు. ఆ సందులోంచి నాలుక తొంగిచూస్తూ ఉండేది. నీళ్ళు తాగితే సగం గడ్డం మీదికి కారేవి. బడిలో పిల్లలు "కిటికీ" అని పిలిచేవాళ్ళు. పిల్లలు క్రూరులు, నిజమే. కాని వాళ్ళు ఇంట్లో పెద్దల దగ్గర చూసిందే బడికి తెస్తారు.

తల్లి వనజ ఆర్టీసీలో కండక్టరు. భర్త ఎబినేజర్, దేవపాలు కొడుకు, అదే డిపోలో డ్రైవరుగా చేస్తూ పిల్లకు రెండేళ్ళప్పుడు పోయాడు, ఆ ఉద్యోగం కింద ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. పొద్దున్నుంచి ఉచితంగా పోయే ఆడవాళ్ళకు సున్నా టికెట్లు కొట్టీ కొట్టీ ఇంటికొచ్చిన మనిషిని దేవపాలు, "వచ్చినావా, ఉత్త కాగితాలు చింపే ఉద్యోగం ముగిసిందా?" అని పలకరించేవాడు. వనజ బదులు చెప్పేది కాదు. అన్నం తినిపించవలసిన తల్లి చెయ్యి ఎనిమిదేళ్ళుగా ఒళ్ళో ఖాళీగా ఉంటే నోరు కూడా మెత్తబడుతుంది.

బడికి పళ్ళు చూడవచ్చిన డాక్టరు చీటీ రాసిచ్చాడు. ప్రొద్దుటూరులో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన, "తీగలు కట్టొచ్చు, కాని నాలుక తోసినన్నాళ్ళు కట్టి ప్రయోజనం లేదమ్మా. ముందు హీనా మేడం దగ్గరికి పొండి. ఆమె పిల్లలకు నమిలేది, మింగేది నేర్పిస్తుంది" అన్నాడు.

ఆ మాట విని దేవపాలు తానూ వస్తానని బస్సెక్కాడు. వైద్యం చూడడానికి కాదు, నవ్వడానికి.

హీనా గది బంగారంగళ్ళ వీధిలో మేడమీద ఉంది. ముప్పై దాటని మనిషి. గోడ మీద అద్దం, కింద చిన్న కుర్చీలు, ఒక డబ్బాలో దారం కట్టిన చొక్కా గుండీలు. దేవపాలు పిల్లల కుర్చీలో కూర్చోనని నిలబడే ఉన్నాడు.

"ఏమ్మా, నువ్వు ఏం డాక్టరు?"

"డాక్టరును కాదు తాతా. నమిలేది, మింగేది నేర్పిస్తా."

"నమిలేదానికి ఒక చదువా!" దేవపాలు గది అదిరేటట్టు నవ్వాడు. "మా వీధిలో గొడ్లు నములుతాండాయి. వాటికి ఎవురు నేర్పినారు?"

"గొడ్లకు జేజినాయన్లు లేరు గదా తాతా. అందుకే నేర్చుకున్నాయి" అంది హీనా తలెత్తకుండా, కాగితం మీద పిల్ల పేరు రాసుకుంటూ. "అక్కా, పాప ఏం తింటాది?"

"మా మామ తింటాడు" అంది వనజ.

"సరే. ఆయన ఏం తింటాడు, ఎన్నిసార్లు?"

"పొద్దున సంగటి, మధ్యాన్నం అన్నం, రాత్రికి మళ్ళా సంగటి. నడుమ బొరుగులో మిక్చరో."

హీనా అన్నీ రాసుకుంది. రాసుకొని, "అయితే పాపకు ఎప్పుడన్నా ఆకలైందా?" అనడిగింది.

బదులు దేవపాలే చెప్పాడు, ఛాతీ విరుచుకొని: "ఎనిమిదేండ్లలో ఒక్క పూట కానీలేదు!"

హీనా కలం పక్కన పెట్టి ఆయన్ను మొదటిసారి నిండుగా చూసింది. "అదే తాతా జబ్బు" అంది.

ప్రతి మంగళవారం తల్లీకూతుళ్ళు పోయేవాళ్ళు. పని ఏమిటంటే, నాలుక కొసను పైపళ్ళ వెనక ఆ గరుకు చోట ఆనించి ఉంచడం. నాలుకను అంగిటికి అతికించి టక్కుమని విడవడం. దారం కట్టిన గుండీని పెదాల వెనక పెట్టుకొని, దారం లాగుతుంటే పెదాలతో బిగబట్టడం. నోరు మూసి ముక్కుతో ఊపిరి తీయడం. కీర్తన తెలివైన పిల్ల. నెల తిరిగేసరికి అన్నీ పట్టుకుంది. ఇంటి వసారాలో కూర్చొని టక్ టక్ మని చేస్తుంటే దేవపాలు, "ఎవురే ఈడ జట్కాబండి తోలుతాండేది?" అనేవాడు. పక్కింటివాళ్ళు నవ్వేవాళ్ళు. పక్కింటివాళ్ళకు నవ్వడానికి కారణం అక్కర్లేదు, తోడుంటే చాలు.

తినడం మాత్రం రాలేదు. చపాతీ చీలిక నోట్లో పెడితే పిల్ల రెండుసార్లు దవడ ఆడించి, దాన్ని బుగ్గలోకి నెట్టి ఉంచేసేది. గంట తర్వాత చూస్తే అక్కడే ఉండేది. నాలుగు నెలలైంది. ఒక మంగళవారం హీనా దేవపాలుకు ఫోను చేసింది.

"తాతా, నిండిన బిందెలో నీళ్ళు పొయ్యమంటే ఎట్ల పోస్తాం? మీరు సాయంత్రం పూట కొంచెం తగ్గించండి. ఒక్క ముద్ద తక్కువ తినండి. నేను దగ్గరుండి చూస్తా. పాపకు రవ్వంత ఆకలి తెలియాల."

"నా ఇంట్లో, నా సంగటి, నన్ను తగ్గించమంటాండావా?"

"పాప కోసం."

"పాప కోసమే తింటాండా! నువ్వు నేర్పేది నేర్పలేక నా కూటి మీద పడినావు!" అని పెట్టేశాడు. ఆ రాత్రి ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు. పిల్ల కడుపు నొప్పితో మెలికలు తిరిగితే, "చూసినారా, ఆ యమ్మ చేసిన వైద్యం" అన్నాడు.

ఆయనకు అసలు భయమెక్కడుందో కమలమ్మకొక్కదానికే తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలోవాళ్ళను నలుగురిని ఇంటికి తీసుకొచ్చి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి మింగి చూపించడం ఆయనకు అలవాటు. ఒకసారి ముద్దనోటితోనే, "ప్రభువు అయిదు రొట్టెలతో అయిదువేల మందికి పెట్టినాడు. ఏదో మన మటుకు మనం, నాలుగు ముద్దలతో ఇద్దరికి" అని వినయం ఒలకబోశాడు. లోపల అంట్లు తోముతున్న కమలమ్మ, "ఆ అయిదువేల మందీ ఎవురి నోటితో వాళ్ళు నమిలి తిన్యారులే" అంది. వచ్చినవాళ్ళు దగ్గి సర్దుకున్నారు.

పిల్ల తనంతట తాను తింటే ఆయన మళ్ళీ ఉత్త డ్రిల్లు మాస్టరు. అదీ రిటైరైన డ్రిల్లు మాస్టరు.

ఇట్లా ఉండగా వనజకు పులివెందుల డిపోకు బదిలీ అయింది. ఆమె కాగితం తెచ్చి కమలమ్మ చేతికిచ్చింది. దేవపాలు లాక్కొని చదివాడు.

"పో. పిల్ల ఈడ ఉంటాది."

"పాపను తీస్కపోతాండా మామా. ఆడ బడి చూసినా. రూము చూసినా."

"ఓహో! చూసే వచ్చినావా? తీస్కపో మే. పులివెందులకు గాకుంటే ఢిల్లీకి తీస్కపో. నా ముద్ద మీద బతికే బిడ్డ అది. నేను రెండు పూటలు ఎంగిలి పడకుంటే, నువ్వే బిడ్డను భుజాన వేసుకొని నా గడప కాడికి పరిగెత్తుకుంటా వస్తావు. రాకుంటే నా పేరు దేవపాలు కాదు."

ఆ మాట నిజమని వనజకు తెలుసు. ఆ నిజంతోనే ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో ఉంది. బిడ్డ కడుపు తాళం ఆయన మొలతాడుకు కట్టి ఉంది. ఆయన ఉన్నన్నాళ్ళు ఆయన చెప్పినట్టు వినాలి. ఆయన పోయిన రోజున ఏం చేయాలో ఆ వీధిలో ఒక్కరూ ఆలోచించలేదు. డెబ్బై ఒకటి నడుస్తున్న మనిషి ఆయన. ఆమె రెండు సంచులు సర్దుకొని, పిల్ల చెయ్యి పట్టుకొని, తన డిపో బస్సులోనే ప్రయాణికురాలిగా ఎక్కింది.

పులివెందులలో అయిదు రోజులు బాగానే గడిచాయి. పొద్దున ఎనిమిదికి పిల్ల కడుపు ఎత్తయ్యేది, తేన్పు వచ్చేది. ఆదివారం వాళ్ళు జమ్మలమడుగు రాలేదు. చర్చి బయట ఇద్దరు ముగ్గురు, "ఏం మాస్టారూ, ఈ వారం మనవరాలు లేదే?" అనడిగారు. ఆ ఒక్క ప్రశ్న చాలింది. అక్కడికక్కడే దేవపాలు, రేపటినుంచి ఉపవాస ప్రార్థన పడుతున్నానని అందరికీ చెప్పాడు. జన్మలో ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో కూడా ఒక పూట మానని మనిషి. "స్తోత్రం, స్తోత్రం" అన్నారు విన్నవాళ్ళు. కడుపు నిండినవాళ్ళకు పక్కవాడి ఉపవాసం ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఇంటికొచ్చాక కమలమ్మ అడిగింది: "ఏంటికి ఉపవాసం?"

"మనసు మారేదానికి."

"ఎవురి మనసు?"

"వనజ మనసు."

"పసిబిడ్డను మాడ్సేదానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటాండావు. థూ! నీ పక్కన ముప్పైతొమ్మిదేండ్లు కూర్చొని ప్రార్థన చేసినానే, నా మోకాళ్ళను అనాల." ఆమె లోపలికిపోయి ఫోను తీసింది. "మేయ్ వనజా! మీ మామ రేపు కూడు ముట్టడంట. పాపను చూసుకో."

వనజ వెంటనే హీనాకు ఫోను చేసింది. హీనా నింపాదిగా వినింది.

"అక్కా, భయపడాకు. నేను రేపు పొద్దున బస్సుకు వస్తా. నీళ్ళు, మజ్జిగ కొంచెం కొంచెం పట్టిస్తా ఉండు, వాటిని తాగగలదు గదా. సాయంత్రానికి పాప తినకుంటే ఇద్దరం ఆస్పత్రికి తీస్కపోదాం, వాళ్ళు ముక్కులోంచి సన్న గొట్టం వేసి పాలు పోస్తారు. బిడ్డకు ఏమీ కాదు."

"మాడ్చి నేర్పిస్తామా అమ్మా?"

"మాడ్చేది వైద్యం కాదక్కా. నేనెప్పుడూ ఆ పని చెయ్యను. మాడుస్తాండేది మనం కాదు, ఆయన. కాకుంటే వచ్చిన ఆకలిని ఊరికే పోనీకూడదు."

సోమవారం ఎనిమిదైంది. కీర్తన అలవాటుగా గోడకానుకొని కూర్చుంది. కడుపు ఎత్తు కాలేదు. తొమ్మిదైంది. పిల్ల కడుపు మీద చెయ్యి వేసుకొని చూసుకుంది. పదింటికి, "అమ్మా, లోపల పిల్లి ఏదో గీరుతాంది" అంది. ఎనిమిదేళ్ళ పిల్లకు దానికి పేరు తెలియదు. వనజ గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. సగం కారింది, సగం పోయింది. పిల్లి ఊరుకోలేదు. పదకొండింటికి పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. బొమ్మ విసిరేసింది. తల్లిని గిల్లింది.

హీనా వచ్చేసరికి పన్నెండు దాటింది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొని, "మేడం, నాకు జబ్బు చేసింది" అని ఏడుస్తున్న పిల్ల పక్కన చతికిలబడింది.

"జబ్బు కాదు పాపా. ఆకలి. అందరికీ రోజుకు మూడుసార్లు వస్తాది. నాకూ వచ్చింది" అని డబ్బా మూత తీసి, చపాతీ తుంచి, వంకాయ కూరలో అద్దుకొని తినసాగింది. పిల్లకు పెట్టలేదు. పిల్లవైపు చూడలేదు కూడా. కీర్తన ఏడుపు ఆపి ఆమె దవడను చూసింది. గొంతును చూసింది. కూర వాసన గదంతా నిండింది. చివరికి చెయ్యి చాపింది.

హీనా సన్నటి చీలిక చేసి, కూర రసంలో అద్ది, పిల్ల ముందుపళ్ళ జోలికి పోకుండా పక్కనుంచి వెనకపళ్ళ మధ్య పెట్టింది. "ముందుపళ్ళు ఇప్పుడు కలవవు, వాటిని వదిలెయ్. ఈడ కొరుకు."

కీర్తన కొరికింది. రెండుసార్లు నమిలింది. ఆగింది. చీలికను అరచేతిలోకి ఉమ్మి, జేజినాయన గొంతుతో అంది: "గొడ్లు నములుతాయి. నేను గొడ్డునా?"

వనజ మొహం ఎర్రబడింది. ఎక్కడి విషం ఎక్కడ దాచిపెట్టుకుంది ఈ పిల్ల! ఎనిమిదేళ్ళలో జేజినాయన నోటినుంచి ఆ పిల్లకు సంగటి ఒకటే కాదు, మాటలూ చేరాయి.

హీనా మాత్రం పిల్లను ఎగాదిగా చూసింది. "గొడ్డుతో నీకు పోలికేంది పాపా? వచ్చేటప్పుడు బస్సులోంచి చూసినా, గొడ్డు చెట్టు కింద పండుకోనుంది. దానికి కడుపు నిండింది. ఏడుస్తాండేది నువ్వు."

పిల్ల కోపంగా చూసింది. అరచేతిలో ఉన్నదాన్ని చూసుకుంది. తనే తీసి నోట్లో పెట్టుకుంది.

"ఎడమపక్క అయిదు. నాలుకతో ఇటు తొయ్. కుడిపక్క అయిదు. పెదాలు మూసుకో. మెత్తగయిందా? అంతా నాలుక మీదికి తెచ్చుకో. ఇప్పుడు నాలుక కొస మన చోట పెట్టు. పళ్ళు కలుపు. ఊ."

గుండీలతో, టక్కులతో నాలుగు నెలలు నేర్చుకున్నదంతా ఆ పిల్ల నోట్లో ఒక్కసారి కూడుకుంది. గొంతులో సన్నగా ఏదో పైకి లేచి కిందికి దిగింది. కీర్తన కళ్ళు పెద్దవి చేసింది.

"పోయింది."

"యాడికి పోయింది?"

పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "నా కాడికి."

రెండో చీలిక జారి పెదాల మీదికొచ్చింది. మూడోది పోయింది. నాలుగోదానికి దగ్గింది, హీనా వంచి వీపు మీద చెయ్యి వేసి ఉంచింది, తగ్గింది. పావు చపాతీ తినడానికి ముప్పావు గంట పట్టింది. వనజ గోడ పక్కన కూర్చొని చపాతీని సన్నసన్నగా చీల్చి పెడుతూనే ఉంది, చాలని ఎవరూ చెప్పకపోతే బస్టాండు దాకా పరిచేటన్ని. పిల్లి గీరడం మానింది. పిల్ల తల్లి ఒళ్ళో పడి నిద్రపోయింది, నోరు మూసుకొని.

జమ్మలమడుగులో దేవపాలు వసారాలో మంచం వేసుకొని, ఛాతీ మీద ఫోను పెట్టుకొని పడుకొని ఉన్నాడు. పొద్దున తొమ్మిదికల్లా వనజ ఏడుస్తూ ఫోను చేస్తుందని ఆయన లెక్క. తొమ్మిదికి చేయలేదు. పన్నెండుకు ప్రార్థన చేయడానికి మోకరించి, లేచేటప్పుడు కళ్ళు తిరిగి మంచం కోడు పట్టుకున్నాడు. రెండింటికి పక్కింట్లో పోపు పెడితే వాళ్ళను తిట్టాడు. మూడింటికి ఫోను పాడైందేమోనని కమలమ్మ ఫోనునుంచి తన ఫోనుకు చేయించుకొని చూశాడు. బాగానే మోగింది.

నాలుగింటికి లేచి కూర్చొని, "దేవుడు నా మొర విన్నాడు. చాప పరచు" అన్నాడు.

"విన్నాడని ఎవురు చెప్పినారు?"

"నాకు తెలుస్తాంది. పరచు మే!"

ఊళ్ళో వందలమంది పిల్లలకు ఎండలో నిలబడే ఓర్పు నేర్పిన మనిషి ఎనిమిది గంటల్లో ముగించాడు. కమలమ్మ పొద్దుటి సంగటినే నాలుగు ముద్దలు పెట్టింది. ఆయన ఎప్పటిలాగే తల వెనక్కి వాల్చి గుటుక్కు గుటుక్కుమని నాలుగూ మింగేశాడు. ఎప్పుడూ నాలుగు మింగినా రెండే తన కడుపులో ఉండేవి. ఈసారి మూడోదానికే బనియను బిగిసింది. నాలుగోది ఎక్కడో ఛాతీలో నిలిచింది. లేద్దామని చేతులూనాడు, లేవలేకపోయాడు. తేన్పు రాలేదు. చెమటలు పట్టాయి. నాలుగు ముద్దలూ నాలుగు గుండురాళ్ళలా తనలోనే ఉన్నాయి.

"ఏమైంది?" అంది కమలమ్మ.

"పోలేదు."

"ఏంది పోలేదు?"

"సగం... పోలేదు మే."

కమలమ్మ ఆయన్ను, ఆయన కడుపును కొంతసేపు చూసింది. చెంగుతో ముఖం తుడుచుకొని, ఫోను ఆయన ఒళ్ళోకి విసిరి లోపలికి పోయింది.

పులివెందులలో అప్పుడు కీర్తన లేచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ పిలవలేదు, తానే పళ్ళెం ముందుకు జరుపుకుంది. వనజ ఫోను మోగింది. ఎవరో చూసి ఆమె కొంగు బిగించుకుంది, పాత అలవాటు. హీనా చెయ్యి చాపి స్పీకరు నొక్కింది.

"పాపకు చేరిందా?" అంది ఫోను. ఆ గొంతు ఆయాసపడుతోంది.

కీర్తన నోట్లో చీలిక ఉంది. నోట్లో ఉండగా మాట్లాడకూడదని హీనా మేడం చెప్పింది. పిల్ల ఫోనువైపు వేలెత్తి ఆగమన్నట్టు చూపించింది. ఎడమపక్క నమిలింది.

"నేను తిన్నా. నాలుగు ముద్దలు తిన్నా. చేరిందా అంటాండా! వనజా! ఎవురన్నా చెప్పండి!"

కుడిపక్క నమిలింది. వనజ కూతురి దవడనే చూస్తూ ఉంది. ఫోనులో దేవపాలు మాట ఆపేశాడు. వింటున్నాడు. ఎంత పెద్ద మనిషైనా నమిలేది పూర్తయ్యేదాకా ఆగాల్సిందే.

పిల్ల పెదాలు మూసి, పళ్ళు కలిపి మింగింది. నీళ్ళు ఒక గుక్క తాగింది.

"ఏమీ చేరలేదు జేజినాయనా. నువ్వు తిన్నది నీ కాడనే ఉండాది" అంది. తర్వాత తల్లివైపు తిరిగి, "పెట్టెయ్ అమ్మా. నాకు పనుంది" అని ఇంకో చీలిక అందుకుంది.